రీసెర్చ్ ఎల్‌ఎల్‌ఎం: దరఖాస్తు నుంచి థీసిస్ చేతికిచ్చేదాకా

లాలో మాస్టర్స్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది క్లాసులు, పరీక్షలు, చివర్లో పది పదిహేను వేల పదాల డిసర్టేషన్. రీసెర్చ్ ఎల్‌ఎల్‌ఎం లెక్క వేరు. ఇందులో క్లాసులంటూ ఉంటే పరిశోధన పద్ధతుల మీద ఒకటో రెండో ఉంటాయి. మిగతా కాలమంతా మీరు, మీ ప్రశ్న, మీ సూపర్‌వైజర్. యూనివర్సిటీని బట్టి 25,000 నుంచి 50,000 పదాల థీసిస్ రాయాలి. ఫలితం పూర్తిగానో, చాలావరకో దాని మీదే ఆధారపడుతుంది.

ఈ డిగ్రీలో చేరి మధ్యలో ఆగిపోయేవాళ్లలో తెలివితేటలు చాలనివాళ్లు అరుదు. మోయలేనంత పెద్ద ప్రశ్న తలకెత్తుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తేలక నెలలు గడిపేసినవాళ్లే ఎక్కువ. అందుకే కింద ప్రశ్న గురించే ఎక్కువ రాస్తున్నాను. అది కుదిరితే సూపర్‌వైజర్ దొరకడం, ప్రపోజల్ రాయడం, చాప్టర్లు విడదీసుకోవడం చాలావరకు దాని వెంటే వస్తాయి.

ముందు ఇది మీకు కావలసిన డిగ్రీయేనా?

పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకు, లా కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకు, చట్టాల రూపకల్పన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కొన్నేళ్లు ప్రాక్టీసు చేసి, ఒకే సమస్య మళ్లీ మళ్లీ ఎదురై, దాని అంతు చూడాలనిపించినవాళ్లకైతే ఇంకా బాగా పనికొస్తుంది. నేను చూసినంతలో మంచి ప్రశ్నలు వీళ్ల దగ్గరే ఉంటాయి.

వేరే దేశంలో లాయరుగా నమోదు కావడమే లక్ష్యమైతే మాత్రం ఆగి ఆలోచించండి. ఉదాహరణకు న్యూయార్క్ బార్ పరీక్షకు విదేశీ లా పట్టభద్రులు ఎల్‌ఎల్‌ఎం దారిలో అర్హత పొందాలంటే కనీసం 24 క్రెడిట్లు ఉండాలి, అందులో కొన్ని సబ్జెక్టులు తప్పనిసరి. థీసిస్ మీదే నడిచే డిగ్రీ ఆ లెక్కకు సరిపోదు. అలాంటివాళ్లు క్లాసులుండే ఎల్‌ఎల్‌ఎం తీసుకోవడమే మంచిది.

ఇంకొకటి, ఒంటరిగా పనిచేయగలరా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి. వారం వారం అసైన్‌మెంట్ ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. ఎవరూ అడగకపోయినా పొద్దున్నే కూర్చుని నాలుగు తీర్పులు చదివి, అర పేజీ రాయగలిగేవాళ్లకు ఈ డిగ్రీ హాయిగా ఉంటుంది.

ఎక్కడెక్కడ, ఏ పేర్లతో

పేర్లు చూసి మోసపోవద్దు. ఎడిన్‌బరో, గ్లాస్గో లాంటి చోట్ల దీన్ని ‘ఎల్‌ఎల్‌ఎం బై రీసెర్చ్’ అంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎంఫిల్ ఇన్ లా ఉంది కానీ, అది బీసీఎల్ లేదా ఎంజూర్ (క్లాసులుండే అక్కడి లా మాస్టర్స్) లాంటి కోర్సు చేసినవాళ్లు ఆ తర్వాత చేసేది. కెనడాలో మెక్‌గిల్, టొరంటో వంటి చోట్ల ఎల్‌ఎల్‌ఎంలోనే థీసిస్ మార్గం, కోర్సుల మార్గం విడివిడిగా ఉంటాయి. స్టాన్‌ఫర్డ్‌లో స్పిల్స్ అనే కార్యక్రమం ఉంది; చట్టం వాస్తవంలో ఎలా నడుస్తోందో క్షేత్రస్థాయిలో చూడాలనుకునేవాళ్ల కోసం పెట్టినది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాల్లో పూర్తిగా థీసిస్ మీదే నడిచే ఎల్‌ఎల్‌ఎంలు ఉన్నాయి.

కాబట్టి కోర్సు పేరు పక్కనపెట్టి నిబంధనల పేజీ తెరవండి. థీసిస్ ఎన్ని పదాలు, ఫుట్‌నోట్లు ఆ లెక్కలోకి వస్తాయా రావా, వైవా (మౌఖిక పరీక్ష) ఉందా, గడువు ఎంత, పార్ట్‌టైమ్ కుదురుతుందా, పని బాగుంటే మధ్యలో పీహెచ్‌డీకి మారే వీలుందా అన్నవి చూడండి. ఫుట్‌నోట్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, లా థీసిస్‌లో అవి వేల పదాల దాకా వెళ్తాయి. రెండు యూనివర్సిటీలూ 30,000 పదాలే అన్నా, ఒకచోట మీకు దొరికే చోటు రెండోచోటి కంటే చాలా తక్కువ కావచ్చు.

అంశం వేరు, ప్రశ్న వేరు

‘టెక్నాలజీ, ప్రైవసీ హక్కు’ అనేది అంశం. దాని మీద థీసిస్ రాయలేరు. ఎందుకంటే ఎప్పుడు ఆపాలో మీకు తెలియదు. ప్రశ్నకైతే జవాబుంటుంది. జవాబు దొరికినప్పుడు థీసిస్ పూర్తవుతుంది.

అంశం నుంచి ప్రశ్నకు ఎలా దిగాలో ఒక నిజమైన కేసుతో చూద్దాం. ‘పోలీసులు ఫేషియల్ రికగ్నిషన్ వాడటం చట్టబద్ధమేనా’ అని మొదలుపెట్టారనుకోండి. అంశం కంటే ఇది మేలే, కానీ ఏ దేశంలో, ఏ చట్టం కింద, ఏ రకం వాడకం అన్నది తేలలేదు. ఇప్పుడు ఒక తీర్పు చేతిలోకి తీసుకోండి. సౌత్ వేల్స్ పోలీసుల మీద ఎడ్వర్డ్ బ్రిడ్జెస్ వేసిన కేసులో ఇంగ్లండ్, వేల్స్ అప్పీలు కోర్టు 2020 ఆగస్టులో తీర్పిచ్చింది. కింది కోర్టు 2019లో పోలీసుల వైపే మొగ్గింది. అప్పీలు కోర్టు మాత్రం, యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలో వ్యక్తిగత జీవితాన్ని కాపాడే 8వ అధికరణం అడిగే ‘చట్టానుసారం’ అన్న షరతు నెరవేరలేదంది. తీర్పును నిదానంగా చదివితే కారణం చాలా నిర్దిష్టంగా కనిపిస్తుంది. రెండు విషయాలు పోలీసుల ఇష్టానికి మరీ ఎక్కువగా వదిలేశారన్నది కోర్టు అభిప్రాయం: వాచ్‌లిస్టులో (కెమెరా వెతికే మనుషుల జాబితాలో) ఎవరిని పెట్టాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి. దామాషా సూత్రం (లక్ష్యానికి అవసరమైనదానికి మించి హక్కుల్లో జోక్యం ఉండకూడదన్నది) మీద బ్రిడ్జెస్ వాదనను మాత్రం కోర్టు ఒప్పుకోలేదు.

ఇక్కడే ప్రశ్న పుడుతుంది. తీర్పు తర్వాత, 2022లో, అక్కడి పోలీసులకు ప్రమాణాలు రూపొందించే పోలీసింగ్ కాలేజీ ఫేషియల్ రికగ్నిషన్ మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. అయితే, ‘ఎవరిని, ఎక్కడ అని కోర్టు చూపిన ఆ రెండు ఖాళీలనూ తర్వాత వచ్చిన మార్గదర్శకాలు, పోలీసు దళాల విధానపత్రాలు 8వ అధికరణం కోరే స్థాయిలో పూడ్చాయా?’ అని అడగవచ్చు. దీనికి అవుననో, కాదనో, సగం అనో జవాబు చెప్పొచ్చు. కావలసిన పత్రాలు బయట దొరుకుతాయి. కొలవడానికి కోర్టే ఒక కొలత ఇచ్చింది. ఇది పన్నెండు నెలల్లో అయ్యే పని.

మీ ప్రశ్నను కూడా ఇలాగే పరీక్షించండి. దానికి ‘కాదు’ అనే జవాబు రావడానికి అవకాశముందా? ఏ జవాబైనా ముందే మీ మనసులో ఖాయమైపోయి ఉంటే మీరు రాయబోయేది వాదనాపత్రమే, పరిశోధన కాదు. చదువుకున్న మనిషి ఎవరైనా మీతో విభేదించగలరా? కావలసిన ఆధారాలు మీ చేతికి అందుతాయా? అన్నిటికంటే ముఖ్యంగా, రేపు సుప్రీంకోర్టు ఒక తీర్పిస్తే మీ ప్రశ్న ఒక్క రోజులో చచ్చిపోతుందా? పెండింగ్‌లో ఉన్న ఒకే ఒక్క కేసు మీద థీసిస్ ఆధారపడితే ఆ టెన్షన్ చివరిదాకా వదలదు. ఆ కేసు ఎటు తేలినా నిలబడేలా ప్రశ్నను కాస్త పక్కకు జరపండి.

రెండు మూడు దేశాల చట్టాలను పోల్చాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. మాస్టర్స్ థీసిస్‌లో రెండు దేశాలు దాటొద్దన్నది నా గట్టి అభిప్రాయం. అది కూడా, ‘ఈ రెండే ఎందుకు’ అన్నదానికి మీకు తెలిసిన భాషల్లో ఉన్నాయి అన్నది కాకుండా వేరే కారణం ఉండాలి. ఒకే మూలం నుంచి వచ్చిన చట్టాలు వేర్వేరు దారుల్లో వెళ్లాయనో, వేర్వేరు వ్యవస్థలు ఒకే సమస్యకు ఒకే పరిష్కారానికి వచ్చాయనో చెప్పగలిగితే పోలికకు అర్థం ఉంటుంది.

ప్రశ్న కుదిరిందనిపించాక, ఇంతకుముందే ఎవరైనా జవాబు చెప్పారేమో చూడండి. హైన్ఆన్‌లైన్, వెస్ట్‌లా, లెక్సిస్ అనే లా డేటాబేసులు యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా దొరుకుతాయి. ఇంకా చేరనివాళ్లకు ఎస్‌ఎస్‌ఆర్‌ఎన్‌లో చాలా వ్యాసాలు ఉచితం. తీర్పుల కోసం బ్రిటన్‌కు బెయిలీ, కెనడాకు క్యాన్‌లీ, ఆస్ట్రేలియాకు ఆస్ట్‌లీ, దక్షిణాఫ్రికాకు సాఫ్లీ ఉన్నాయి, అన్నీ ఉచితమే. ఎవరో అదే ప్రశ్న మీద రాశారని తెలిస్తే నీరుగారిపోవద్దు. వాళ్లు ఎక్కడ ఆగారో చూడండి; చాలాసార్లు ముగింపు పేరాలోనే ‘ఇది ఇంకా తేలాలి’ అని వాళ్లే రాసి ఉంటారు.

పద్ధతి అంటే భయపడాల్సిందేమీ లేదు

ప్రపోజల్‌లో ‘మెథడాలజీ’ అనే శీర్షిక దగ్గర లా విద్యార్థులు తడబడతారు. కెనడాలో హ్యారీ ఆర్థర్స్ నాయకత్వంలోని బృందం 1983లో, ఆస్ట్రేలియాలో డెనిస్ పియర్స్ కమిటీ 1987లో న్యాయ పరిశోధనను రకాలుగా విడదీశాయి. ఆ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. చట్టాలు, తీర్పులు చదివి నియమం ఏమిటో తేల్చడం డాక్ట్రినల్. ఆ నియమం సరిగా లేదని, ఎలా మార్చాలో చెప్పడం సంస్కరణ వైపు పరిశోధన. నియమం వెనకున్న భావనలను తరచి చూడడం సైద్ధాంతికం. చట్టాన్ని సమాజంలో ఒక దృగ్విషయంగా, చరిత్రతో, ఆర్థికంతో కలిపి చూడడం ఇంకొకటి.

వీటిలో మీది ఏ రకమో ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత నిజంగా ఏం చేస్తారో రాయండి: ఏ కోర్టు తీర్పులు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పదాలతో వెతుకుతారు, ఎలాంటివి వదిలేస్తారు, ఎందుకు. ‘డాక్ట్రినల్ పద్ధతి పాటిస్తాను’ అని రాసి ఊరుకున్న ప్రపోజల్ కంటే ఈ నాలుగు మాటలు రాసిన ప్రపోజల్‌కు ఎంతో బలముంటుంది.

జడ్జీలనో, లాయర్లనో, కక్షిదారులనో ఇంటర్వ్యూ చేయాలనుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అది వచ్చేలోపు ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకూడదు. చేసేశాక అనుమతి అడిగితే సాధారణంగా ఇవ్వరు. సమ్మతి పత్రం, పేర్లు దాచే పద్ధతి, రికార్డింగులు ఎక్కడ భద్రపరుస్తారో అన్నీ రాసివ్వాలి. అనుమతికి వారాలు పడుతుంది. ఏడాది కోర్సులో ఇది పెద్ద కోతే. ఇంటర్వ్యూలు లేకుండానే ప్రశ్నకు జవాబు దొరికితే వాటి జోలికి పోకపోవడమే మేలు.

సూపర్‌వైజర్‌ను వెతకడం

దరఖాస్తుకు ముందే ఒక సూపర్‌వైజర్ ఆసక్తి చూపితే సగం పని అయినట్టే. కొన్ని యూనివర్సిటీలు ముందు మాట్లాడుకోమంటాయి, కొన్ని తామే కేటాయిస్తామంటాయి. నిబంధనలో ఏముందో చూశాకే మెయిల్ రాయండి.

పెద్ద పేరున్న ప్రొఫెసర్ కోసమే పట్టుబట్టొద్దు. గత మూడు నాలుగేళ్లలో మీ ప్రశ్నకు దగ్గరగా ఎవరు రాశారో చూడండి. ఆ వ్యాసాల్లో కనీసం రెండు పూర్తిగా చదవండి. వాళ్లు వచ్చే ఏడాది సెలవులో ఉంటారేమో, రిటైర్ కాబోతున్నారేమో కూడా కనుక్కోవాలి.

మెయిల్ చిన్నగా ఉండాలి. దాదాపు ఇలా: ‘నేను ఫలానా చోట లా చదివాను, రెండేళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్నాను. బ్రిడ్జెస్ తీర్పు తర్వాత వాచ్‌లిస్టుల మీద వచ్చిన విధానాలు చట్టానుసార షరతును తీరుస్తున్నాయా అన్న ప్రశ్న మీద రీసెర్చ్ ఎల్‌ఎల్‌ఎం చేయాలనుకుంటున్నాను. పోలీసు విచక్షణాధికారం మీద మీ వ్యాసంలో అంతర్గత మార్గదర్శకాలకు చట్టం బలం ఉండదన్నారు. నా ప్రశ్న అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు పేజీల ప్రపోజల్ జతచేశాను. వచ్చే విద్యా సంవత్సరంలో కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా?’ అంతే. మీ జీవితచరిత్ర, పొగడ్తలు, ఒకే మెయిల్ పదిమందికి పంపడం వద్దు. రెండు మూడు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి మర్యాదగా గుర్తుచేసి, తర్వాత వేరొకరిని చూడండి. ‘కుదరదు’ అన్నా, ఎవరిని సంప్రదించాలో అడగండి. చాలామంది పేరు చెబుతారు.

దరఖాస్తు కాగితాలు

కోర్సు మొదలయ్యే తేదీకి ఏడాది ముందు పని మొదలుపెట్టండి. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరులోనో, అక్టోబరులోనో చేరాలంటే చాలా స్కాలర్‌షిప్‌ల గడువు అంతకు ముందు ఏడాది చివర్లో, లేదా అదే ఏడాది జనవరి ప్రాంతంలో ముగుస్తుంది. అంటే అడ్మిషన్ గడువు కంటే డబ్బు గడువు ముందొస్తుంది. స్కాలర్‌షిప్ షరతుల్లో క్లాసులుండే కోర్సులకేనా, రీసెర్చ్ డిగ్రీలకు కూడానా అన్న వాక్యాన్ని వెతికి చదవండి.

సాధారణంగా మార్కుల జాబితాలు, ఇద్దరి సిఫారసు లేఖలు, రాత నమూనా, సీవీ, ప్రపోజల్ అడుగుతారు. ఇంగ్లిష్ పరీక్ష అవసరమైతే లా విభాగాలు ఐఈఎల్‌టీఎస్‌లో 7 లేదా 7.5 అడగడం మామూలు, స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. సిఫారసు లేఖ రాసేవాళ్లకు మీ ప్రపోజల్, మీరు వాళ్ల దగ్గర రాసిన పేపరు రెండూ పంపండి. పెద్ద హోదా ఉన్న జడ్జిగారు రాసిన రెండు లైన్ల కంటే, మీ రాతను దిద్దిన టీచరు రాసిన ఒక పేజీకే విలువ.

ప్రపోజల్ రెండు వేల పదాల లోపే చాలాచోట్ల. మొదటి పేరాలోనే ప్రశ్న ఉండాలి. సమస్య చరిత్ర రెండు పేజీలు నడిచాక ప్రశ్న వస్తే చదివేవాళ్లు అక్కడిదాకా రారు. ప్రశ్న, అది ఎందుకు తేలాలి, ఇప్పటిదాకా ఎవరేం చెప్పారు, మీరు ఏం చదివి ఎలా తేలుస్తారు, నెలలవారీ ప్రణాళిక. ఈ వరుస చాలు.

చేరాక: మొదటి మూడు నెలలు

మొదటి నెలలోనే సూపర్‌వైజర్‌తో కొన్ని విషయాలు మాట్లాడుకుని ఖాయం చేసుకోండి: ఎన్నాళ్లకొకసారి కలవాలి, డ్రాఫ్ట్ ఎన్ని రోజుల ముందు పంపాలి, వ్యాఖ్యలు రాతలో ఇస్తారా మాటల్లోనా. ప్రతి మీటింగు తర్వాత ‘మనం ఇవి అనుకున్నాం’ అని ఐదు లైన్ల మెయిల్ పెట్టండి. ఆర్నెల్ల తర్వాత ఈ మెయిళ్ల విలువ తెలుస్తుంది.

చదివిన ప్రతిదాన్నీ మొదటి రోజు నుంచే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. సైటేషన్ పద్ధతి ఏదో ముందే తెలుసుకోవాలి: బ్రిటన్‌లో ఎక్కువగా ఆస్కోలా, అమెరికాలో బ్లూబుక్, కెనడాలో మెక్‌గిల్ గైడ్, ఆస్ట్రేలియాలో ఏజీఎల్‌సీ. ఒక పద్ధతిలో రాసి చివర్లో ఇంకోదానికి మార్చడం వారాల పని.

తీర్పు చదివేటప్పుడు మూడు విషయాలు విడిగా రాసుకోండి: కోర్టు ఏం తేల్చింది, ఏ కారణంతో, ఏ విషయాన్ని తేల్చకుండా వదిలేసింది. థీసిస్‌కు కావలసిన సరుకు మూడో దాంట్లో ఉంటుంది. విడిగా రాసిన అభిప్రాయాలు, అసమ్మతి తీర్పులు కూడా చదవాలి.

మూడో నెల చివరికి కనీసం ఐదు వేల పదాలు రాసి సూపర్‌వైజర్‌కు ఇవ్వండి. ‘ముందు అంతా చదివి తర్వాత రాస్తా’ అనుకుంటే చదవడం ఎప్పటికీ అయిపోదు. రాయడం మొదలుపెట్టాకే ఏం చదవాలో తెలుస్తుంది.

రాత పని

30,000 పదాల థీసిస్‌ను ఎలా పంచుకోవచ్చో పైన చెప్పిన ప్రశ్నతోనే చూద్దాం. పరిచయం 3,000. ‘చట్టానుసారం’ అన్న షరతు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పుల్లో ఎలా రూపుదిద్దుకుందో 7,000. ‘ఎవరిని’ అన్న ఖాళీ, దాని మీద వచ్చిన విధానాల పరిశీలన 8,000. ‘ఎక్కడ’ అన్న ఖాళీ 7,000. ముగింపు 3,000. రెండు వేలు చేతిలో ఉంచుకోవాలి, ఎందుకంటే మధ్యలో ఏదో ఒకటి వస్తుంది. ఈ ప్రశ్న మీద పనిచేస్తున్నవాళ్లకు 2023 జులైలో అలాగే వచ్చింది: గ్లుఖిన్ కేసులో, మాస్కో మెట్రోలో ఒంటరిగా నిరసన తెలిపిన మనిషిని ఫేషియల్ రికగ్నిషన్‌తో గుర్తించడం 8వ అధికరణానికీ, భావప్రకటన స్వేచ్ఛను కాపాడే 10వ అధికరణానికీ విరుద్ధమని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

చట్టం మీరు రాస్తుండగానే మారుతుంది. అందుకే పరిచయంలో ‘ఫలానా తేదీ వరకు ఉన్న చట్టాన్నే పరిగణించాను’ అని ఒక వాక్యం రాస్తారు. ఆ తేదీని సమర్పణకు ఒకటి రెండు నెలల ముందు పెట్టుకోండి. ఆ రోజు మీరు ఆధారపడిన ప్రతి తీర్పూ ఇంకా నిలిచే ఉందో లేదో మళ్లీ చూడాలి. 1873లో ఫ్రాంక్ షెపర్డ్ మొదలుపెట్టిన పని ఇదే. ఇప్పుడు లెక్సిస్‌లో షెపర్డ్స్, వెస్ట్‌లాలో కీసైట్ నిమిషాల్లో చెప్పేస్తాయి.

ఏఐ చాట్‌బాట్ల విషయం సూటిగా చెబుతాను. ముందు మీ యూనివర్సిటీ నియమం చదవండి. నియమం ఒప్పుకున్నా, అవి ఇచ్చిన ఏ కేసు పేరునూ మూలం తెరిచి చూడకుండా వాడొద్దు. న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో లాయర్లు చాట్‌బాట్ సృష్టించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించారు. 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది. థీసిస్‌లో అలాంటి ఒక్క ఫుట్‌నోట్ దొరికితే పరీక్షకులు మిగతావాటిని కూడా నమ్మరు.

ఇక భాష. ప్రతి చాప్టర్ మొదట్లో ఆ చాప్టర్ ఏ చిన్న ప్రశ్నకు జవాబు చెబుతుందో ఒక వాక్యం, చివర్లో ఏం తేలిందో ఒక వాక్యం ఉండాలి. చట్టాల నుంచి, తీర్పుల నుంచి పొడవాటి ఉల్లేఖనాలు వద్దు. కోర్టు వాడిన ముఖ్యమైన మాటలు మాత్రం యథాతథంగా ఉంచి, మిగతాది మీ మాటల్లో చెప్పండి. టర్నిటిన్ (ఇతర రచనలతో పోలికను లెక్కించే సాఫ్ట్‌వేర్) చూపే శాతం చూసి కంగారు పడాల్సిన పనిలేదు. సెక్షన్ల పాఠం, కేసుల పేర్లు, ఫుట్‌నోట్లు లా థీసిస్‌లో ఆ అంకెను పెంచుతాయి. ఇతరుల వాదనను కొటేషన్, ఫుట్‌నోట్ లేకుండా తీసుకోలేదని మీకు తెలిస్తే చాలు.

సమర్పణ, పరీక్ష, ఆ తర్వాత

ఏడాది కోర్సయితే పదో నెల చివరికి మొత్తం డ్రాఫ్ట్ సూపర్‌వైజర్ చేతిలో ఉండాలి. చదవడానికి వాళ్లకు కొన్ని వారాలు, దిద్దడానికి మీకు కొన్ని వారాలు కావాలి. చివరి వారం ఫుట్‌నోట్లకు, కేసుల పట్టికకు, పేజీల అమరికకు వదిలేయండి. జబ్బు చేసినా, ఇంట్లో కష్టమొచ్చినా గడువు దాటకముందే పొడిగింపు అడగండి. గడువు దాటాక అడిగితే పని చాలా కష్టమవుతుంది.

పరీక్షకులు సాధారణంగా ఇద్దరు, చాలాచోట్ల ఒకరు బయటివారు. కొన్ని చోట్ల రిపోర్టుతోనే ముగుస్తుంది, కొన్ని చోట్ల వైవా ఉంటుంది. వైవాలో దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్నలు: మీ ప్రశ్నకు మీ జవాబు ఏమిటి, ఈ పద్ధతే ఎందుకు, ఫలానా తీర్పును ఎందుకు వదిలేశారు, మీ వాదనకు అన్నిటికంటే గట్టి అభ్యంతరం ఏది. ఆఖరి ప్రశ్నకు జవాబు థీసిస్‌లోనే ఒక పేరాగా ఉంటే వైవా సగం తేలికవుతుంది. చిన్న దిద్దుబాట్లు అడగడం మామూలే, దాన్ని వైఫల్యంగా తీసుకోకండి. పరీక్షకులు అడిగిన ప్రతి మార్పునూ ఒక పట్టికలో రాసి, పక్కనే ఏ పేజీలో ఏం మార్చారో చూపిస్తూ ఇవ్వండి.

తుది ప్రతిని చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్ భాండాగారంలో పెడతాయి. ఒక చాప్టర్‌ను వ్యాసంగా ప్రచురించాలనుకుంటే, తుది ప్రతి ఇచ్చేటప్పుడే దాన్ని కొంతకాలం బయటకు విడుదల చేయవద్దని అడగవచ్చు. వ్యాసం పంపేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోండి. విద్యార్థులు నడిపే అమెరికన్ లా రివ్యూలకు ఒకేసారి చాలావాటికి పంపవచ్చు. బ్రిటిష్, చాలా ఇతర పత్రికలకు మాత్రం ఒకసారికి ఒకదానికే పంపాలి, అక్కడి జవాబు వచ్చాకే ఇంకో చోటికి.